మట్టి ఎవరేసినారు?

బెళుగుప్ప
24 మార్చి 2004

బయ్యన్న బావకు రామసుబ్బమ్మ రాస్తున్న జాబు.

ఇక్కడ అందరం ఉన్నంతలో బాగున్నాం. నీ మోకాళ్లు ఎట్లా ఉన్నాయి? ఫోన్ చేద్దామంటే నీ కోడలు వనజాక్షి తీస్తుంది, నీకు అరిచి చెబుతుంది, నువ్వు ఇంకేదో విని ఇంకేదో జవాబు చెబుతావు. పోయినసారి నేను ఎనుము ఈనిందని చెబితే నువ్వు అల్లుడికి శుభాకాంక్షలు చెప్పావు. అందుకే కాగితమే మేలు. యుద్ధం నీ చెవులు తీసుకుంది గానీ కళ్లు వదిలేసింది కదా.

ఉగాది నాడు పంచాంగం చదువుతూ అయ్యవారు "తారణ నామ సంవత్సరం" అనగానే అన్న గుర్తొచ్చాడు. ఓబుళేసన్న పోయింది తారణలోనే. అరవై ఏండ్లు తిరిగి ఆ పేరు మళ్లీ వచ్చింది. ఒకే పేరున్న ఏడును రెండుసార్లు చూసే ఆయుష్షు నాకిచ్చి, అన్నకు ఇరవై ఒకటికే చాలించాడు దేవుడు.

అన్న తిథి, వైశాఖ బహుళ పంచమి, ఈసారి మే తొమ్మిది, ఆదివారం వచ్చింది. నువ్వు తప్పకుండా రావాలి. మేనమామ కొడుకువని, నాకు బావవని కాదు పిలిచేది. అన్న కడపటి శ్వాస చూసినవాడివి, ఆయనమీద మట్టి వేసినవాడివి నువ్వొక్కడివే. ప్రతి ఏడూ వచ్చి, చేలో అన్న పేరున నిలిపిన రాయి పక్కన కూర్చుని ఆ దినం సంగతి చెప్పేవాడివి. ఆ కొండ, ఆ కాల్పులు, నువ్వు గొయ్యి తవ్వి మూడు పిడికిళ్ల మట్టి వేయడం. రెండేండ్లుగా కాళ్ల సాకు చెప్పి ఎగ్గొట్టావు. ఈసారి మంచం మీద మోయించైనా తెప్పిస్తాను.

వానల సంగతి అడగకు. మూడేండ్లుగా వేరుశనగ విత్తనం కూడా చేతికి రాలేదు. మీరిద్దరూ పట్టాళంలో చేరిన ఏడు కూడా ఇట్లాంటిదే కదా. నాకు పదేండ్లు, అయినా బాగా గుర్తు. గుంతకల్లులో తూకం వేస్తే అన్న రెండు సేర్లు తక్కువ తూగాడని, బయటికొచ్చి కుళాయి దగ్గర కడుపు పగిలేదాకా నీళ్లు తాగి మళ్లీ తూకమెక్కాడని నువ్వే చెప్పావు. "కరువులో నీళ్లు తాగి ఉద్యోగం తెచ్చుకున్నోడు నా కొడుకొక్కడే" అని అమ్మ నవ్వుతూనే ఏడ్చింది.

మా మనవరాలు పద్మప్రియ, అనంతపురంలో డిగ్రీ చదివే పిల్ల, నువ్వు చెప్పేదంతా రాసి పెడతానంటోంది. అన్న పోయాడని పట్టాళం నుంచి వచ్చిన పాత తంతి కూడా పెట్టెలోంచి తీసి చూసుకుంది.

ఓళిగలు చేస్తాను. నెయ్యి నువ్వు తెచ్చుకో.

నీ మరదలు
రామసుబ్బమ్మ


గుంతకల్లు
3 ఏప్రిల్ 2004

సుబ్బమ్మకు బయ్యన్న ఆశీస్సులు.

నీ జాబు అందింది. నెయ్యి కూడా నేనే తెచ్చుకోవాలంటే ఓళిగలు ఇక్కడే తింటాను. నువ్వు చిన్నప్పటినుంచీ ఇంతే, రేగుపండ్లు పెడతానని పిలిచి చెట్టు నాతో ఎక్కించేదానివి.

ఓబుళేసు నీకు ఇసుకలో అక్షరాలు దిద్దించింది గుర్తుందా? "నేను జాబులు రాస్తే ఇది చదవాల, అయ్యవారి దగ్గరికి పోయి చదివించుకుంటే మన గుట్టు ఊరంతా తెలుస్తాది" అనేవాడు. నువ్వు ‘ఱ’ రాయలేక ఏడిస్తే, ఆ అక్షరంతో నీకేం పనిలేదులే, వదిలెయ్యమన్నాడు. నీ జాబు చూసినప్పుడల్లా వాడి చేతిరాత చూసినట్టే ఉంటుంది. అదే వంకర, అదే తొందర.

బెంగళూరులో మాకు మొదట గడ్డపార ఇచ్చారు, తర్వాత తుపాకీ ఇచ్చారు. రోడ్లు వేసే, వంతెనలు కట్టే పటాలం మాది. వాడు గడ్డపార పట్టుకుని "ఇది మా ఇంట్లో లేకనా ఇంతదూరం వచ్చినాం?" అన్నాడు. తెల్లదొరకు అర్థం కాలేదు గానీ మేమందరం నవ్వామని మైదానం చుట్టూ పరిగెత్తించాడు.

పంచమికి వీలైతే వస్తాను. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి. అయినా సుబ్బమ్మా, ఆ దినం సంగతి రాసిపెట్టడమెందుకు? ఆ పిల్లను పరీక్షలు చదువుకోమను. పాత తంతిని పదేపదే విప్పితే మడతల దగ్గర చిరుగుతుంది, ఎక్కడుంటే అక్కడే ఉండనీ.

బయ్యన్న


బెళుగుప్ప
15 ఏప్రిల్ 2004

బావకు,

ఎట్లా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను. నేరుగా అడుగుతాను.

పద్మప్రియ తంతిలో ఉన్న అన్న నంబరు పట్టుకుని అనంతపురంలో కంప్యూటర్ అంగడికి పోయింది. యుద్ధంలో పోయినవాళ్ల పేర్లన్నీ అందులో ఉంటాయట. అన్న పేరు ఉంది. నాయన పేరు కూడా సరిగ్గా ఉంది. తేదీ 12 మే 1944. అంతవరకూ మనకు తెలిసిందే. కానీ చోటు ఇటలీ అని ఉంది బావా.

నువ్వు చెప్పే కొండ మన దేశం తూర్పు కొసన, నాగా కొండల్లో ఉందని కదా నేను ఇన్నేండ్లూ అనుకున్నది. ఆ పిల్ల మళ్లీ మళ్లీ చూసి ఫోన్‌లో చదివింది. "అవ్వా, ఆ ఒక్క దినం ఎన్ని చోట్ల కొట్లాడినారో తెలుసా? ఇటలీలో మనోళ్లు ఒక నది దాటతాండారు. మన నాగా కొండల్లో, కొహిమాలో, కొండకోసం కొట్లాడతాండారు. రష్యా దిక్కు సముద్రం ఒడ్డున జర్మనోళ్లు ఆయుధాలు పడేస్తాండారు. జర్మనీలో నూనె ఫ్యాక్టరీల మింద విమానాలు బాంబులేస్తాండాయి" అని. నీకు బర్మా మెడల్ ఉంది కదా, దాని లెక్కన నువ్వు కొహిమాలోనే ఉండాలట. "బయ్యన్న తాత ఆడ, ఓబుళేసు తాత ఈడ. నడుమ ఎన్ని సముద్రాలో" అంటుంది.

అదే దినం మన ఇంట్లో ఏం జరిగిందని రాత్రంతా గుర్తు చేసుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు. లోకమంతా మండుతున్న దినం నేను బొమ్మలాట ఆడుకుంటున్నానేమో.

ఇంకొకటి. అన్నకు గోరీ లేదట. ఉత్త గోడ మీద పేరు మాత్రమే ఉందట. చనిపోయినవాణ్ణి పూడ్చకుండా ఉంటారా? మన ఇళ్లల్లో ముసలివాళ్లు పోయినా పసిబిడ్డ పోయినా మట్టిలోనే కదా పెడతాం.

నిజం చెప్పు బావా. ఆ దేశంలో తెల్లపిల్ల ఎవరినైనా కట్టుకుని ఉండిపోయాడా? మా నాయనకు భయపడి, చచ్చిపోయానని చెప్పమని నిన్ను ఒప్పించాడా? మీరిద్దరూ తోడుదొంగలని అమ్మ ఎప్పుడూ అనేది. నిజమైతే నేనేమీ అనను. ఎవరినీ ఏమీ అనను.

రామసుబ్బమ్మ


గుంతకల్లు
22 ఏప్రిల్ 2004

సుబ్బమ్మా,

నీ ఎత్తిపొడుపు తగలవలసినచోటే తగిలింది. ముసలివాణ్ణి పట్టుకుని తోడుదొంగ అన్నావు, తెల్లపిల్ల అన్నావు. అనాల్సినదానివే, నేను పడాల్సినవాణ్ణే.

ఆ పిల్ల చెప్పింది నిజం. నేను అక్కడ లేను. ఓబుళేసును చివరిసారి చూసింది బొంబాయి రేవులో, నలభై రెండులో. వాడు ఓడెక్కాడు, నన్ను రైలెక్కించారు. ఆ దినం వాడికి ఏం జరిగిందో నేను చూడలేదు. నేను చెప్పినదంతా కట్టుకథ. అరవై ఏండ్లు నీ ఇంటి ఓళిగలు తిని అబద్ధం చెప్పాను.

ఇంతకంటే కాగితం మీద రాయలేను. ఎదురుగా కూర్చుని చెబుతాను. అప్పుడు చెప్పు తీసుకుని కొట్టినా సరే.

బయ్యన్న


బెళుగుప్ప
27 ఏప్రిల్ 2004

బంగారు బావకు,

కొట్టడమెందుకు బావా, నీ కాళ్లకు దండం పెట్టాలని ఉంది!

నీ జాబు నాలుగుసార్లు చదివాను. నువ్వు అక్కడ లేవు. నువ్వు చూడలేదు. అంటే అన్న చావు చూసినవాడు ఈ భూమ్మీద ఒక్కడూ లేడు. గోరీ లేదు. నేను రాసినదాంట్లో తెల్లపిల్ల మాట తప్పని నువ్వు ఎక్కడా అనలేదు. నాకంతా అర్థమైంది. ఒట్టేసి ఉంటావు కాబట్టి పూర్తిగా చెప్పలేవు, నేనూ అడగను.

ఎనభై ఒకటి అంటే ఏమంత వయసు? నీకు ఎనభై రెండు, నువ్వు బతికి లేవా? మా వైపు వాళ్లు గట్టివాళ్లు. చలిదేశంలో పాలూ వెన్నా తిని ఇంకా గట్టిపడి ఉంటాడు.

తప్పంతా మనదే. బతికున్నవాడికి పిండం పెడితే ఆయుష్షు తగ్గుతుందంటారు. అరవైసార్లు పెట్టాం! అయినా బతికున్నాడంటే ఎంత గట్టివాడో చూడు. ఇక ఒక్కసారి కూడా పెట్టను. నిన్న మా చేలో పనిచేసే సోమప్పను పిలిచి, గడ్డపారతో ఆ రాయి పెళ్లగించమన్నాను. వాడు గడ్డపార కింద పెట్టి "అమ్మా, ఇది పెద్దల రాయి, నేను తీయను" అన్నాడు. "మా అన్న బతికుండాడురా" అని అరిచాను. అరిచినప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినబడింది, పదమూడేండ్ల పిల్ల గొంతులాగా. ఎట్లాగో రాయి తీయించాను.

అన్నకు సంగటి చేసిపెట్టేవాళ్లు అక్కడ ఎవరుంటారు బావా? నాలుగు మెతుకులు తక్కువైనా ఓర్చుకుంటాడు గానీ కారం తక్కువైతే కంచం తోసేసేవాడు. పద్మప్రియను ఇటలీవాళ్లకు ఉత్తరం రాయమన్నాను. అది ఏడుస్తోంది, ఎందుకో చెప్పదు. ఈ కాలం పిల్లలకు సంతోషం వస్తే కూడా ఏడుపే.

పంచమికి నువ్వు రానక్కర్లేదు. అన్న చిరునామా తెలిస్తే మాత్రం రాయి.

నీ మరదలు
సుబ్బమ్మ


గుంతకల్లు
4 మే 2004

సుబ్బమ్మా,

నీ జాబు చదివి రెండు దినాలు అన్నం ముట్టలేదు. వనజాక్షి డాక్టరును పిలుస్తానంది. డాక్టరు తీసే నొప్పి కాదని చెప్పాను.

నేను పిరికిపంద రాత రాశాను. సిగ్గుతో నా తప్పు రాసుకున్నానే గానీ, రాయవలసిన ఒక్కమాట రాయలేదు. ఓబుళేసు చనిపోయాడు. పన్నెండు మే నాడే చనిపోయాడు. అది నా కట్టుకథ కాదు. చచ్చినవాణ్ణి నీ దగ్గర రెండోసారి చంపవలసి వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

నువ్వు ఊరికే నమ్మవని తెలుసు. అందుకే మొన్న బస్సెక్కి అనంతపురం పోయి, మాజీ సైనికుల ఆఫీసులో తంతి సంగతి అడిగాను. మనిషి కనబడకపోతే ‘కనబడలేదు’ అనే తంతి ఇస్తారు. పక్కవాళ్లు, పైవాళ్లు చూసి చెబితేనే ‘చనిపోయాడు’ అని ఇస్తారు. మనకు వచ్చింది రెండోదే.

అక్కడ శివప్ప అనే ముసలి సుబేదారు పెన్షన్ పనిమీద వచ్చి కూర్చుని ఉన్నాడు. కదిరి పక్క మనిషి. ఇటలీలో ఆ నది దగ్గర ఉన్నవాడే. నా చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు. "రాత్రి దాటడం మొదలుపెట్టినామన్నా. పొగ, మంచు, పక్కనుండేవాడు కనపడ్లేదు. తెల్లారేసరికి వంతెన కట్టల్ల. తుపాకులు కాలుస్తాంటే కట్టేవాళ్లు గడ్డపారలతో నిలబడినారు. పడినోడి జాగాలో ఇంకొకడు." గోరీ ఎందుకు లేదని అడిగాను. "మన పటాలం పుస్తకాల్లో హిందూ అని రాసుకున్నారు గదా. హిందువంటే కాల్చల్ల, అంతే వాళ్లకు తెలిసింది. మేము పూడ్చేవాళ్లమని ఎవుడు అడిగినాడు, ఎవుడు చెప్పినాడు? కాలిస్తే గోరీ యాడుంటాది? గోడమింద పేరే. దొరికినోళ్లకు కట్టెలేసి నిప్పు పెట్టినాం. తెలుగోళ్లముంటే గోయిందా అన్నాం. కొందరు నదిలో పోయినారు, వాళ్లకు అది కూడా లేదు." మీ ఓబుళేసు ఎవరిలో ఉన్నాడో నాకు తెలీదు, తెలుసునని అబద్ధం చెప్పనన్నాడు. ఆ మాట విని తల దించుకున్నాను. అబద్ధం చెప్పకుండా కూడా మనిషి ఉండగలడు కదా.

ఇక నా దినం సంగతి. అదే తేదీ నేను కొహిమాలో ఉన్నాను. ట్యాంకు కొండెక్కడానికి దారి తవ్వే పని మాది. వాన, బురద. మన సీమలో పుట్టినవాణ్ణి, అంత వాన చూసి మొదటి దినం మురిసిపోయాను, పదోనాటికి ఆకాశాన్ని తిట్టాను. మా జట్టులోకి రెండు దినాల ముందే ఒక అరవ పిల్లవాడు వచ్చాడు. పేరు అడిగే తీరిక లేదు, అందరూ తంబి అనేవాళ్లు. పొద్దున ఛాతీలో దెబ్బ తగిలి నా పక్కనే పడ్డాడు. వాడి భాష నాకు సగమే తెలుసు. అమ్మ అనే మాట మాత్రం అందరిదీ ఒకటే. నా చేయి పట్టుకుని పోయాడు. మేమే గొయ్యి తవ్వాం. వాడికి అయినవాళ్లెవరూ అక్కడ లేరని, నేనే అన్ననుకోమని చెప్పి మూడు పిడికిళ్ల మట్టి వేశాను. ఓబుళేసు పోయిన సంగతి నాకు అప్పటికి తెలియదు. రెండు నెలల తర్వాత నాయన జాబు వచ్చినప్పుడు తేదీ చూసి, పొదల్లోకి పోయి కూర్చున్నాను.

నలభై ఆరులో ఊరికొచ్చాను. సంచి దించకముందే మీ అమ్మ గడపలో ఎదురైంది. ఏం బయ్యన్నా బాగున్నావా అని అడగలేదు. "నా కొడుక్కి మట్టి ఎవరేసినారు?" అని అడిగింది. రెండేండ్లుగా ఆమె అదే ఒక్క మాట అందరినీ అడుగుతోందని, సరిగా నిద్రపోవడం లేదని తర్వాత తెలిసింది. ఆ కండ్లు చూసి నోరు నా మాట వినలేదు. "నేనేసినానత్తా, నా చేతుల్తో ఏసినా" అన్నాను. చేతులు చేసిన పని నిజం, మనిషే వేరు. ఆమె నా రెండు చేతులూ తీసుకుని కండ్లకద్దుకుంది. ఆ తర్వాత కాదని ఎట్లా చెప్పేది? ఒక ఏడు చెబితే రెండో ఏడు చెప్పాలి. తంబి చావు అరవై ఏండ్లు ఓబుళేసు పేరుతో మీకు చెప్పాను.

ఓబుళేసు వంతెన సంగతి శివప్ప చెబుతుంటే ఒకటే అనిపించింది. నా అబద్ధంలో వాణ్ణి నా పక్కన పడుకోబెట్టుకున్నాను. అసలు దినం వాడు ఎవరి పక్కన ఉన్నాడో, ఎంత ధైర్యంగా నిలబడ్డాడో మీకు తెలియకుండా చేసింది నేనే. పంచమికి రావద్దన్నావు. రాను. నువ్వు రమ్మనేదాకా రాను.

బయ్యన్న


బెళుగుప్ప
10 మే 2004

బావకు,

నీ జాబు శుక్రవారం వచ్చింది. శనివారమంతా చేలో, రాయి తీసిన గుంత పక్కన కూర్చున్నాను. నీమీద కోపం వచ్చింది, నామీద ఇంకా ఎక్కువ వచ్చింది. పన్నెండు దినాలు అన్న నాకు బతికున్నాడు బావా. ఆ పన్నెండు దినాల్లో వాడికి ముసలితనం ఇచ్చాను, నెరిసిన మీసం ఇచ్చాను, పెండ్లాన్ని ఇచ్చాను. ఆమెతో గొడవ కూడా పెట్టుకున్నాను, కారం తక్కువ వేస్తుందని. అవన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడానికి ఆ దినమంతా పట్టింది.

నిన్న పంచమి. సోమప్పను పిలిచి రాయి మళ్లీ నిలబెట్టించాను. వాడు ఏమీ అడగలేదు, మంచివాడు. పద్మప్రియ వచ్చింది. ఎందుకు ఏడ్చావే అంటే, "నీకు నిజం చెప్పేదానికి నోరు రాలేదవ్వా" అంది. చూశావా, నీ జబ్బే దానికీ ఉంది.

రెండు విస్తళ్లు వేశాం. ఒకటి అన్నకు. రెండోది ఆ తంబికి. పాపం, అరవై ఏండ్లు వాడి చావు మనం వాడుకున్నాం, ఒక్క ముద్ద పెట్టలేదు. వాళ్లమ్మ కూడా గడపలో నిలబడి మా అమ్మ అడిగిన మాటే అడిగి ఉంటుంది. చెప్పడానికి నువ్వు ఆ గడపకు పోలేదు, పేరే తెలియదాయె. ఇటలీలో అన్నకు నిప్పు పెట్టినవాడు కూడా మన గడపకు రాలేదు. ఎవరి బిడ్డకు ఎవరో చేశారు. అంతకుమించి ఆలోచిస్తే నాకు తల తిరుగుతోంది.

కాల్చారన్నందుకు మొదట కడుపు మండింది. మనవాళ్లలో ఎవరికీ నిప్పు పెట్టలేదు కదా అని. తర్వాత అనుకున్నాను, పరదేశంలో ముక్కూ మొహం తెలియనివాళ్లు తమకు తెలిసిన మర్యాద చేశారు, దాన్ని తప్పు పట్టేదానికి నేనెవరిని? ఒకవేళ నది తీసుకుంటే తీసుకుంది. మన సీమవాడు, ఆ నీళ్లన్నా వాడికి కరువు తీరా దక్కాయి.

ఇక నీ సంగతి. క్షమించావా అని నువ్వు అడగలేదు గానీ కాగితం నిండా అదే ఉంది. ఉన్నమాట చెబుతాను. నువ్వు వచ్చిన ఆ రాత్రి నాకు గుర్తుంది. అమ్మ నన్ను పక్కన పడుకోబెట్టుకుని, తెల్లారేదాకా గుర్రుపెట్టి నిద్రపోయింది. తంతి వచ్చిన తర్వాత అదే మొదటిసారి. ఆ నిద్ర నువ్వే ఇచ్చావు. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ అబద్ధం అవసరమే. అమ్మ పోయాకైనా నాకు చెప్పి ఉండాల్సింది. నాకు చెప్పలేదన్న కోపం ఇంకా ఉంది, అది కొంతకాలం ఉంటుంది, ఉండనీ. మనిద్దరికీ మిగిలింది కొంతకాలమే కాబట్టి త్వరగా పోగొట్టుకోవడానికి చూస్తాను.

వచ్చే ఆదివారం నిన్ను తోడుకుని రావడానికి పద్మప్రియ గుంతకల్లు వస్తుంది. రానని మొండికెయ్యకు. రాయి దగ్గర కూర్చో. ఇక అన్న చావు సంగతి చెప్పకు, అక్కడ నువ్వు లేవు. అన్న బతికినప్పటి సంగతులు చెప్పు బావా, అక్కడ నువ్వే ఉన్నావు, ఇప్పుడు నువ్వొక్కడివే ఉన్నావు.

సుబ్బమ్మ